గని నీళ్లు వాగులో కలిశాక: బెజవాడ నుంచి వెళ్లి బొగ్గు ప్రాంతపు నీటిని పరీక్షించే పద్ధతి

నీటి ఆమ్ల గుణం చెప్పే పీహెచ్ పట్టీ ముంచారు, రంగు ఏడున్నర దగ్గర ఆగింది. నీళ్లు తేటగానే ఉన్నాయి, నాలుగు చేపపిల్లలు కూడా కనిపించాయి. ‘గని వల్ల వాగుకు ఇబ్బందేమీ లేదు’ అని రాసుకుని బస్సెక్కేస్తే వెళ్లిన పని సగం కూడా కానట్టే. మనకు దగ్గర్లో ఉన్న కొత్తగూడెం బొగ్గు ప్రాంతంలో గని నీటి గుణం పీహెచ్‌లో బయటపడటం తక్కువ. నీళ్లలో కరిగిన సల్ఫేటులో, పెరిగిన కఠినత్వంలో, రాళ్ల సందుల్లో పేరుకున్న నల్లటి పొడిలో, ఆ రాళ్ల కింద ఉండాల్సిన పురుగులు లేకపోవడంలో దాన్ని వెతకాలి. ఎలా వెతకాలో, ఏ సామానుతో, ఎంత కొలతతో, ఎక్కడ లెక్క తప్పుతుందో కింద రాశాం. విజయవాడలోనో గుంటూరులోనో డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ, జువాలజీ ల్యాబులు వాడుకునే వీలున్న వాళ్లెవరైనా చేయగలిగిన పనే ఇది.

బెజవాడకు దీంతో ఏం సంబంధం

కొత్తగూడెం చుట్టుపక్కల నీళ్లు ముర్రేడు, కిన్నెరసాని మీదుగా గోదావరిలో కలుస్తాయి. 1889 నుంచి బొగ్గు తవ్వుతున్న సింగరేణి ప్రాంతమంతా ప్రాణహిత, గోదావరి లోయలోనే ఉంది. ఆ గోదావరి నీటినే పట్టిసీమ దగ్గర ఎత్తిపోసి పోలవరం కుడి కాలువలో ఇబ్రహీంపట్నం దాకా తెస్తున్నారు. పవిత్ర సంగమం దగ్గర అది కృష్ణలో కలిసి ప్రకాశం బ్యారేజీ ఎగువన నిలుస్తుంది. విజయవాడ కుళాయికీ, గుంటూరు కుళాయికీ, డెల్టా కాలువలకూ ఆ నీళ్లే ఆధారం.

అలాగని బ్యారేజీ దగ్గర ఒక సీసా నింపుకుని, అందులో సల్ఫేటు కాస్త ఎక్కువగా వస్తే బొగ్గు గనుల మీదికి నెట్టకండి. అంత దూరం వచ్చేసరికి గోదావరి దాన్ని ఎన్నో రెట్లు పలచన చేసేసి ఉంటుంది. పైగా మధ్యలో ఊళ్ల మురుగు, పొలాల ఎరువులు, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద చెరువుల పరిసరాలు, ఇలా ఎన్నో కలుస్తాయి. గని ప్రభావం చూడాలంటే గని పక్కన పారే చిన్న వాగు దగ్గరికే వెళ్లాలి. బెజవాడ నుంచి కొత్తగూడెం రోడ్డు మీద మూడు నాలుగు గంటలే. తెల్లవారుజామున బయలుదేరితే రాత్రికి సీసాలు ల్యాబు ఫ్రిజ్‌లో ఉంటాయి.

ముందు ఆ నీళ్ల పుట్టుక తెలియాలి

బొగ్గు పొరల్లో, వాటిపైన ఉన్న రాళ్లలో పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది. భూమి లోపల గాలి తగలనంత కాలం దానితో గొడవ లేదు. తవ్వి బయట పోశాక గాలి, నీరు తగిలితే ఆక్సీకరణం చెంది సల్ఫ్యూరిక్ ఆమ్లంగా, కరిగిన ఇనుముగా విడిపోతుంది. కొన్ని బ్యాక్టీరియా ఈ పనిని బాగా వేగం చేస్తాయి. పుట్టిన ఫెర్రిక్ ఇనుము తిరిగి కొత్త పైరైట్‌ను తినేస్తుంది. అందుకే ఒకసారి మొదలైతే ఆపడం కష్టం. రాతిలో పైరైట్ రూపంలో 1 శాతం గంధకం ఉంటే, ఆ రాయి టన్నుకు పుట్టే ఆమ్లాన్ని విరచడానికి 31.25 కిలోల సున్నపురాయి కావాలి. బొగ్గు పైనుంచి తవ్వి తీసిన మట్టి, రాళ్ల (ఓవర్‌బర్డెన్, ఓబీ) గుట్టల్లో ఎన్ని లక్షల టన్నులు పోసి ఉంటాయో తలుచుకుంటే ఈ అంకె బరువు తెలుస్తుంది.

ఇక్కడే మేఘాలయకూ మనకూ తేడా. జైంతియా కొండల బొగ్గులో గంధకం చాలా ఎక్కువ, అక్కడి వాగుల్లో పీహెచ్ 3, 4 దాకా పడిపోయిన చోట్లున్నాయి. లుఖా నది చలికాలంలో నీలంగా మారడం చాలామంది ఫొటోల్లో చూసే ఉంటారు. ర్యాట్ హోల్ (ఎలుక బొరియల్లాంటి) తవ్వకాలను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 ఏప్రిల్‌లో నిషేధించింది. గోదావరి లోయలోది గోండ్వానా బొగ్గు. అందులో గంధకం సాధారణంగా 1 శాతం లోపే. పుట్టిన కొద్దిపాటి ఆమ్లాన్ని రాళ్లలోని కార్బొనేట్లు అక్కడికక్కడే విరిచేస్తాయి. ఆమ్లం పోతుంది గానీ దానితో పుట్టిన సల్ఫేటు ఎక్కడికీ పోదు. విరిచిన కార్బొనేటు నుంచి వచ్చిన కాల్షియం, మెగ్నీషియం కూడా నీళ్లలోనే మిగులుతాయి, కఠినత్వం అంటే ఇవే. అందుకే పీహెచ్ మామూలుగా ఉండి, ఉప్పులు పెరిగిన నీరు బయటికి వస్తుంది. దీనికి బొగ్గు పొడి, ఓబీ మట్టి, బ్లాస్టింగ్‌లో వాడే అమ్మోనియం నైట్రేట్ అవశేషాలు, వర్క్‌షాపుల ఆయిల్, గ్రీజు తోడవుతాయి. మీరు కొలవాల్సినవి ఇవే.

ఎక్కడ, ఎప్పుడు

కనీసం నాలుగు చోట్లు కావాలి. గని కాలువ కలవకముందు వాగు ఎగువన ఒకటి, గని కాలువ నీరే ఒకటి, కలిశాక నీళ్లు పూర్తిగా కలగలిసిన చోట ఒకటి, ఇంకా రెండు మూడు కిలోమీటర్ల కింద ఒకటి. మూడో చోటు దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. కలిసిన చోటికి పది అడుగుల కింద సీసా నింపితే అది వాగు నీరా, గని నీరా తేలదు. రెండూ చాలా దూరం పక్కపక్కనే పారతాయి. ఈసీ (నీటి విద్యుత్ వాహకత, ఉప్పులు పెరిగితే పెరుగుతుంది) మీటర్ పట్టుకుని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మూడు నాలుగు చోట్ల ముంచి చూడండి. అన్నిచోట్లా 5 శాతం లోపు తేడాతో ఒకే అంకె వచ్చిన చోట శాంపిల్ తీసుకోండి.

ఎగువ చోటు దొరకడం ఒక్కోసారి కష్టం, పైన ఇంకో గని ఉండొచ్చు. అలాంటప్పుడు అదే రకం నేల, అదే వెడల్పు ఉండి గనులు లేని పక్క వాగును పోలికకు తీసుకోండి. పోలిక లేని అంకెకు విలువ లేదు. దక్కన్ వాగుల్లో సహజంగానే ఉప్పులు కొంత ఎక్కువ కాబట్టి, వేరే దేశపు హద్దును తెచ్చి ఇక్కడ అంటించకూడదు. అమెరికాలో అప్పలాచియా కొండల వాగుల కోసం 2011లో ఈసీ 300 మైక్రోసీమెన్స్ అని ఒక గీత గీశారు. దాన్ని మన వాగు మీద పెడితే గని లేని వాగు కూడా చెడ్డదనే తేలవచ్చు.

సంవత్సరానికి మూడుసార్లు వెళ్లాలి. మే నెలలో వాగు సన్నగా పారుతుంది. గని నుంచి తోడిపోసే నీళ్లే వాగులో ఎక్కువ భాగం కావచ్చు, కాబట్టి ఉప్పుల అంకెలు అప్పుడు గరిష్ఠంగా ఉంటాయి. జూన్‌లో తొలకరి పడ్డ మొదటి రెండు మూడు రోజుల్లో ఎండాకాలమంతా గుట్టల మీద తెల్లగా పూసిన లవణాలూ, బొగ్గు పొడీ ఒక్కసారిగా కొట్టుకొస్తాయి. మట్టి అంకెలు అప్పుడు చూడాలి. పురుగుల లెక్కకు నవంబరు నుంచి జనవరి మధ్య మంచిది. వరద వాటిని ఊడ్చేసిన వెంటనే వెళితే లేకపోవడానికి కారణం వరదా, గనా అన్నది తేలదు.

గని లీజు హద్దులోకి రాతపూర్వక అనుమతి లేకుండా వెళ్లొద్దు. గని కాలువ రోడ్డును దాటే కల్వర్టు దగ్గర నుంచే మీ శాంపిల్ తీసుకోవచ్చు. గని నీటిలోని మట్టి అడుగుకు దిగేందుకు కట్టిన సెటిలింగ్ చెరువుల అంచున కాలు పెట్టకండి. పైన ఎండి గట్టిగా కనిపించే ఒండ్రు కింద బురద నడుము లోతు ఉంటుంది. కిన్నెరసాని జలాశయంలో మొసళ్లున్నాయి, అక్కడ నీళ్లలో దిగే పనే పెట్టుకోవద్దు. వాగులో ఎప్పుడూ ఇద్దరు దిగాలి, మూడో మనిషి ఒడ్డున ఉండాలి.

సామాను

పీహెచ్ మీటర్, 4, 7, 9.2 బఫర్లతో. ఈసీ మీటర్. 0 నుంచి 50 డిగ్రీల థర్మామీటర్. కరిగిన ఆక్సిజన్ కొలవడానికి 300 మి.లీ. బీఓడీ సీసాలు, మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ అజైడ్. లీటరు, అరలీటరు పాలిథీన్ సీసాలు చోటుకు మూడు చొప్పున. గాఢ నైట్రిక్ ఆమ్లం చిన్న సీసా, డ్రాపర్, గ్లవ్స్, కళ్లద్దాలు. 0.45 మైక్రాన్ సిరంజి ఫిల్టర్లు. 100 అడుగుల టేపు, మీటరు కర్ర, స్టాప్‌వాచ్, రెండు మూడు నారింజకాయలు. తెల్ల ఎనామిల్ ట్రే, ఫోర్సెప్స్, భూతద్దం, 70 శాతం ఆల్కహాలు పోసిన చిన్న సీసాలు. ఐస్‌తో థర్మోకోల్ పెట్టె. నీళ్లలో చెరగని మార్కర్, లేబుళ్లు.

వల విషయంలో ఒక మాట. దోమతెర గుడ్డతో కుట్టిన వల చవకే, కానీ దాని కన్నాల్లోంచి చిన్న లార్వాలన్నీ జారిపోతాయి. అర మిల్లీమీటరు కన్నాల నైలాన్ జల్లెడ గుడ్డ తీసుకుని, అడుగు వెడల్పు ఇనుప చట్రానికి కుట్టించుకోండి. దర్జీకి సంచిలా లోతుగా కుట్టమని చెప్పండి. లోతు లేకపోతే పడిన పురుగు ప్రవాహానికి తిరిగి బయటికి వచ్చేస్తుంది.

బయలుదేరే ముందు వారం సీతానగరం వైపు రేవులోనో, పున్నమి ఘాట్‌లోనో ఒకసారి మొత్తం తతంగం చేసి చూడండి. మూత మరిచిపోవడం, లేబులు చెరిగిపోవడం లాంటివి ఇంటి దగ్గరే బయటపడాలి.

మీటర్లు, సీసాలు

పీహెచ్ మీటర్‌ను అదే రోజు ఉదయం 7తో, తర్వాత 9.2తో సరిచేయండి. వాగు ఆమ్లంగా ఉందని అనుమానమొస్తే 4తో కూడా. ఈసీకి ప్రామాణిక ద్రావణం కొననక్కర్లేదు. ఆరబెట్టిన పొటాషియం క్లోరైడ్ 0.7456 గ్రాములు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే 25 డిగ్రీల దగ్గర 1413 మైక్రోసీమెన్స్ చూపించాలి. మీ మీటర్‌లో ఉష్ణోగ్రత సవరణ ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. డిగ్రీకి సుమారు 2 శాతం చొప్పున ఈసీ పెరుగుతుంది. మే నెలలో 34 డిగ్రీల నీటిని సవరణ లేకుండా కొలిస్తే అంకె దాదాపు 18 శాతం ఎక్కువొస్తుంది, ఆ తేడాను గని మీద వేసేస్తారు. ఈసీని 0.55 నుంచి 0.7 మధ్య అంకెతో గుణిస్తే కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో ఉజ్జాయింపుగా వస్తుంది.

పీహెచ్, ఉష్ణోగ్రత, ఈసీ, కరిగిన ఆక్సిజన్ వాగు దగ్గరే కొలవాలి, బెజవాడ తెచ్చి కొలిస్తే చెల్లవు. ఆక్సిజన్ సీసాను బుడగలు రాకుండా నీళ్లలోనే ముంచి నింపి, రెండు రసాయనాలూ 2 మి.లీ. చొప్పున అడుగుకు దించి వదిలి, మూతపెట్టి పదిహేనుసార్లు తలకిందులు చేయండి. గోధుమ రంగు ముద్ద దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా దిగితే లేనట్టు. ల్యాబులో 2 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగించి, 200 మి.లీ. నీటికి సమానమైన భాగాన్ని 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తే, ఖర్చయిన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు 1 మిల్లీగ్రాము ఆక్సిజన్. నారింజ రంగు తేలిన చోట మాత్రం ఈ పద్ధతి నమ్మకండి. కరిగిన ఫెర్రస్ ఇనుము విడుదలైన అయొడిన్‌ను తినేసి అంకెను తగ్గిస్తుంది. అక్కడ మీటర్ వాడాలి. 30 డిగ్రీల నీళ్లలో గరిష్ఠంగా పట్టే ఆక్సిజన్ సుమారు 7.5 మిల్లీగ్రాములే. మధ్యాహ్నం నాచు ఉన్న చోట 9 వస్తే ఆశ్చర్యపడొద్దు, తెల్లవారుజామున అదే చోట 4 ఉండొచ్చు.

సీసాలు మూడు రకాలు. మొదటిది ఏమీ కలపకుండా నిండా నింపి ఐస్‌లో పెట్టాలి. సల్ఫేటు, క్లోరైడు, కఠినత్వం, క్షారత (ఆమ్లాన్ని విరిచే శక్తి), టీఎస్‌ఎస్ (నీళ్లలో కరగకుండా తేలే మట్టి, పొడి) దీంట్లోంచే చేస్తారు. క్షారత మర్నాటికల్లా, నైట్రేట్ 48 గంటల్లో, టీఎస్‌ఎస్ వారంలోపు పూర్తిచేయాలి. సల్ఫేటు 28 రోజులు ఆగుతుంది. రెండోది లోహాలకు. ఫిల్టర్ చేశాకే లీటరుకు 2 మి.లీ. చొప్పున నైట్రిక్ ఆమ్లం కలపండి. ముందు ఆమ్లం వేసి తర్వాత వడకడితే ఒండ్రులోని ఇనుమంతా కరిగి, అది నీటిలోనే ఉందని తప్పుడు అంకె వస్తుంది. ఫిల్టర్ చేయకుండా ఆమ్లం కలిపిన మూడో సీసా కూడా ఉంటే మొత్తం ఇనుము ఎంత, కరిగింది ఎంత అన్నది విడివిడిగా తేలుతుంది.

క్షారత టైట్రేషన్ తేలిక. 100 మి.లీ. నీటికి మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఖర్చయిన మిల్లీలీటర్లను 10తో గుణిస్తే లీటరుకు మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్. దీన్ని ఇనుముతో కలిపి చదవండి. కరిగిన ఫెర్రస్ ఇనుము 1 మిల్లీగ్రాము బయట గాలికి తుప్పుగా మారేటప్పుడు 1.8 మిల్లీగ్రాముల క్షారతను తినేస్తుంది. లీటరుకు 20 మిల్లీగ్రాముల ఇనుము, 30 మిల్లీగ్రాముల క్షారత ఉన్న నీరు పైపు దగ్గర పీహెచ్ 6.5 చూపించినా, అర కిలోమీటరు పారాక ఆమ్లమవుతుంది. దీన్ని కళ్లారా చూడాలంటే సీసా సగమే నింపి, మూత వదులుగా పెట్టి రెండు రోజులు ఉంచండి. అడుగున నారింజ ముద్ద దిగి, పీహెచ్ పడిపోతే సంగతి తెలిసిపోతుంది.

సల్ఫేటు ఉందో లేదో అక్కడే తెలుసుకోవాలంటే, రెండు గాజు నాళికల్లో ఎగువ నీరు, దిగువ నీరు పది మి.లీ. చొప్పున పోసి, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం నాలుగు చుక్కలు, 10 శాతం బేరియం క్లోరైడు నాలుగు చుక్కలు వేయండి. ఒకటి మసగ్గా ఉండి, రెండోది పాలలా విరిగితే, ఆ రెండు నాళికలను పక్కపక్కన పట్టుకుని తీసిన ఫొటో రిపోర్టులో పేజీల కొద్దీ రాతకు సాటి. బేరియం క్లోరైడు విషం. వాడిన నీళ్లను వాగులో పారబోయకుండా సీసాలో పోసి ల్యాబుకు తెచ్చేయండి.

ప్రవాహం కొలవకపోతే అంకెలు అబద్ధమాడతాయి

గాఢత ఒక్కటే చూస్తే వానాకాలంలో కాలుష్యం తగ్గినట్టు, ఎండాకాలంలో పెరిగినట్టు కనిపిస్తుంది. రోజుకు ఎన్ని కిలోలు వస్తోందన్నది వేరే లెక్క. దానికి నారింజకాయలు. తిన్నగా, ఒకే వెడల్పుతో పారే పది మీటర్ల ముక్క చూసి కాయ వదిలి, సమయం పట్టండి. ఐదుసార్లు చేసి సగటు తీయండి. నారింజ నీళ్లలో చాలావరకు మునిగి తేలుతుంది కాబట్టి గాలికి పక్కకు పోదు, అందుకే ఆకులకన్నా, థర్మోకోల్ ముక్కలకన్నా నయం. పైపొర వేగం లోపలికన్నా ఎక్కువ, కాబట్టి 0.85తో గుణించండి. వెడల్పును ఎనిమిది పది భాగాలు చేసి ఒక్కోచోట లోతు కొలిచి సగటు తీయండి.

లెక్క ఇలా చేయాలి. దిగువన వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు 0.3 మీటరు, కాయ పది మీటర్లు పోవడానికి 25 సెకన్లు అనుకుందాం. వేగం 0.4, దాన్ని 0.85తో గుణిస్తే 0.34. ప్రవాహం 4 × 0.3 × 0.34, అంటే సెకనుకు 408 లీటర్లు. అక్కడ సల్ఫేటు లీటరుకు 150 మిల్లీగ్రాములు ఉంటే, 408 × 150 × 0.0864 (సెకనుకు మిల్లీగ్రాములను రోజుకు కిలోలుగా మార్చే అంకె), అంటే రోజుకు సుమారు 5,288 కిలోలు. ఎగువన ప్రవాహం 320 లీటర్లు, సల్ఫేటు 25 అయితే రోజుకు 691 కిలోలు. మధ్యలో చేరింది 4,597 కిలోలు, పెరిగిన నీరు సెకనుకు 88 లీటర్లు. ఆ 88 లీటర్లలో సల్ఫేటు లీటరుకు 605 మిల్లీగ్రాముల దగ్గర ఉండాలి.

ఇప్పుడు గని కాలువ సీసా అంకె చూడండి. 580, 620 లాంటిది వస్తే కథ కుదిరింది. 300 మాత్రమే వస్తే మీరు చూడని ఇంకో దారి ఉంది. ఓబీ గుట్ట అడుగు నుంచి ఊట రావచ్చు, పాత భూగర్భ గని నీళ్లు ఒడ్డు కింద నుంచి దిగుతూ ఉండొచ్చు. లేదంటే గని పంపు మీరు వెళ్లిన గంటలో ఆగి ఉండొచ్చు. పంపులు రోజంతా ఒకేలా నడవవు, అందుకే రెండు గంటల తేడాతో రెండుసార్లు కొలవడం తప్పనిసరి. పని మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఈ లెక్క మీదే. ఈసీ, పీహెచ్ ఎవరైనా కొలుస్తారు. నీళ్లు, ఉప్పు రెండూ లెక్క తేలేలా కొలిచినవాళ్ల మాటకు ఎదురు చెప్పడం కష్టం.

రాయి తీసి చూడండి

వాగులో అరచేతి వెడల్పు రాయి ఒకటి తీయండి. నారింజ రంగు జిగురు ఉంటే ఇనుము. నల్లగా ఉంటే బొటనవేలితో గట్టిగా రుద్దండి. వేలికి మసిలా అంటితే బొగ్గు పొడి. ఎంత రుద్దినా రాకుండా రాతికి పూతలా పట్టుకుని ఉంటే మాంగనీసు అయ్యుండొచ్చు. నాచు, జిగురు పూర్తిగా కడిగి రెండు చుక్కల హైడ్రోజన్ పెరాక్సైడ్ వేయండి. మాంగనీసు పూత అయితే చుయ్‌మని పొంగుతుంది. తెల్లటి మెత్తని ముద్ద కనిపిస్తే అల్యూమినియం. అది ఆమ్లపు వాగు కాస్త మంచి నీళ్లతో కలిసిన చోట దిగుతుంది. నిలిచిన నీళ్ల మీద ఆయిల్‌లా మెరిసే పొర ఉంటే పుల్లతో పొడవండి. పెంకుల్లా పగిలి అలాగే ఉంటే ఇనుప బ్యాక్టీరియా పొర, తిరిగి అతుక్కుంటే నిజంగానే ఆయిల్. బ్యాక్టీరియా పొరను డీజిల్ అని రాస్తే ఆ ఒక్క తప్పుతో మీ రిపోర్టు మొత్తం పక్కన పెట్టేస్తారు.

రాళ్ల మధ్య సందులు వాగుకు ఇళ్లు లాంటివి. చేపలు గుడ్లు పెట్టేది, లార్వాలు దాక్కునేది అక్కడే. బొగ్గు పొడి, ఓబీ మట్టి ఆ సందుల్ని పూడ్చేస్తే నీళ్లు రసాయనికంగా ఎంత బాగున్నా అక్కడ బతుకు ఉండదు. ఇనుము తుప్పు ముద్ద చేపల మొప్పల మీద పేరుకుంటుంది. నీళ్లు మురికైతే వెలుతురు అడుగుకు చేరదు, రాళ్ల మీది నాచు పోతుంది, ఆ నాచును గీకి తినే పురుగులు పోతాయి. సల్ఫేటు లవణాలు పెరిగితే మేఫ్లై అనే పురుగు లార్వాలు ముందుగా తగ్గుతాయి. వాటి ఒంట్లో ఉప్పుల తూకం తప్పుతుంది.

గులకరాళ్ల మీద గలగలా పారే చోట వలను అడుగుకు ఆనించి, దానికి ఎగువన మీటరు పొడవు, మీటరు వెడల్పు జాగాలో ఒక నిమిషం పాటు కాలితో రాళ్లను కదపండి. ప్రతి చోటా మూడుసార్లు. ట్రేలో పోసి కళ్లు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు కదలకుండా చూడండి. మూడు తోకలతో, పొట్ట పక్కల మొప్పలు ఆడిస్తూ ఉండేది మేఫ్లై లార్వా. ఇసుక రేణువులతో గొట్టం కట్టుకుని ఉండేది క్యాడిస్. దవడ ముందుకు చాచేది తూనీగ లార్వా. ఎర్రటి దారంలా మెలికలు తిరిగేది కైరోనమిడ్. కుటుంబాల వారీగా మార్కులేసే బీఎండబ్ల్యూపీ పద్ధతిని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మన నదులకు తగ్గట్టు మార్చుకుని వాడుతోంది. అందులో సున్నితమైన మేఫ్లై కుటుంబాలకు 10, బీటిడే అనే మేఫ్లై కుటుంబానికి 4, కైరోనమిడ్లకు 2, ఎర్రలకు (నీటి వానపాములకు) 1. మొత్తం మార్కులను కుటుంబాల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటును ఎగువ దిగువల మధ్య పోల్చండి.

ఎగువన పన్నెండు కుటుంబాలు, దిగువన నాలుగు వచ్చాయంటే చాలదు, ఏవి పోయాయో చూడాలి. మురుగు కలిస్తే ఆక్సిజన్ తగ్గి ఎర్రలు, కైరోనమిడ్లు విపరీతంగా పెరుగుతాయి. గని మట్టి కలిస్తే అన్నీ కలిపి తగ్గుతాయి, ట్రే ఖాళీగా కనిపిస్తుంది.

నింద ఎవరి మీద పడాలి

గని నీళ్లనూ, ఊరి మురుగునూ విడదీయడానికి సల్ఫేటు పక్కన క్లోరైడు పెట్టి చూడండి. రెండూ కలిసి పెరిగి, అమ్మోనియా కూడా ఉంటే మురుగు. క్లోరైడు అక్కడే ఉండి సల్ఫేటు, కాల్షియం, మెగ్నీషియం పెరిగితే గని నీరు. బందరు కాలువ చివర సముద్రపు పోటు తగిలే చోట క్లోరైడే మిన్ను ముడుతుంది. సముద్రపు నీళ్లలో సల్ఫేటు క్లోరైడులో ఏడో వంతే. థర్మల్ బూడిద నీళ్లలో కూడా సల్ఫేటు ఉంటుంది కాబట్టి అక్కడ బోరాన్ అడగండి. బూడిద నీటికి అది గుర్తు.

హద్దులు ఏవి దేనికో కలగాపులగం చేయకండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం సల్ఫేటు 200, వేరే నీరు లేనప్పుడు 400 మిల్లీగ్రాములు. మొత్తం కఠినత్వం 200, 600. లవణాలు 500, 2,000. పీహెచ్ 6.5 నుంచి 8.5. చేపలకు ఆక్సిజన్ కనీసం 4. సాగునీటికి ఈసీ 2,250 లోపు. ఇవి నదికి, తాగే నీటికి. గని నుంచి బయటికి వదిలే నీటికి 2000 సెప్టెంబరులో వచ్చిన కేంద్ర నిబంధనలు ముఖ్యంగా ఐదింటిని చూస్తాయి: పీహెచ్ 5.5 నుంచి 9, టీఎస్‌ఎస్ 100, ఆయిల్ గ్రీజు 10, సీఓడీ (రసాయన ఆక్సిజన్ అవసరం) 250, నైట్రేట్ నైట్రోజన్ 10. ఈ ఐదింటిలో సల్ఫేటు లేదు, ఈసీ లేదు. గని కాగితాల మీద అన్నీ సరిగ్గా ఉండి, మీ ల్యాబులో వాగు ఉప్పు ఆరు రెట్లు పెరిగిందని రావడం సాధ్యమే. రెండూ నిజమే కావచ్చు. మీ రిపోర్టు ఆ ఖాళీని చూపించాలి, కంపెనీ అబద్ధమాడిందని రాయకూడదు.

కాగితం ఎవరికి

గనులు తెలంగాణలో ఉన్నాయి కాబట్టి ఫిర్యాదు తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి వెళ్లాలి. విజయవాడలోని ఏపీ మండలికి ఇస్తే సమయం వృథా. మీరు పట్టుకొచ్చిన సీసా చట్టం ముందు సాక్ష్యం కాదు. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం మండలి అధికారులు పద్ధతిగా తీసిన శాంపిలే చెల్లుతుంది. అందుకే మీ ఉత్తరంలో శిక్ష అడక్కండి, శాంపిల్ అడగండి. ఏ కల్వర్టు దగ్గర, ఏ నెలలో, పంపు నడుస్తున్నప్పుడు, ఏమేమి కొలవాలో రాయండి. సల్ఫేటు, ఈసీ, కఠినత్వం, మాంగనీసు పేర్లు పెట్టి అడగండి, లేకపోతే ఆ ఐదింటితోనే ముగించేస్తారు. పర్యావరణ అనుమతి పొందిన గని ఆరు నెలలకోసారి ఇచ్చే నివేదికలను సమాచార హక్కు కింద తీసుకుని, అందులోని అంకెల పక్కన మీవి పెట్టండి. అప్పటికీ కదలిక లేకపోతే హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది.

సెటిలింగ్ చెరువు పూడిక ఎప్పుడు తీశారో కూడా అడగండి. రోజంతా నీళ్లు నిలిచేలా కట్టిన చెరువు సగం పూడితే నీరు పన్నెండు గంటల్లోనే బయటపడుతుంది. మెత్తటి బంకమన్ను దిగడానికి ఆ సమయం చాలదు. వాన రోజున టీఎస్‌ఎస్ 100 దాటితే ముందుగా అనుమానించాల్సింది దాన్నే. ఓబీ గుట్ట చుట్టూ తవ్వాల్సిన గార్లాండ్ కాలువ తెగిందా, గుట్ట మీద గడ్డి, చెట్లు నిలిచాయా అన్నది రోడ్డు మీద నుంచే ఫొటో తీయవచ్చు.

రెండోసారి వెళ్లేటప్పుడు పాత ఫొటో ఫోన్‌లో తెరిచి, అదే బండరాయి అదే వైపు కనిపించేలా నిలబడి శాంపిల్ తీయండి. నోటు పుస్తకంలో తేదీ, గంట, ముందు మూడు రోజుల్లో పడిన వాన, పంపు నడుస్తోందా ఆగిందా, బఫర్ అంకె, సీసా నంబరు, నింపిన మనిషి పొడి అక్షరాలు, ఈ ఏడూ లేకుండా ఏ అంకెనూ రిపోర్టులోకి ఎక్కించకండి.